ఒప్పగింతల ప్లేటు

రాజమండ్రిలో నేను పళ్లు పీకుతాను. అలా వచ్చిన డబ్బులో కొంత పెట్టి నల్ల ప్లేట్లు కొంటాను. గ్రామఫోన్ రికార్డులను మా ఇంట్లో పెద్దవాళ్లు ప్లేట్లనేవారు, నాకూ అదే అలవాటైంది. నేను కొనేవి సినిమా పాటలవి కావు, జాజ్, ఫంక్ ప్లేట్లు. జాజ్ అంటే అయిదారుగురు కలిసి ఒక పాట మొదలుపెట్టి, మధ్యలో ఎవరి దారిన వాళ్లు పోయి, చివర్లో మళ్లీ ఒకచోట కలుసుకోవడం. ఫంక్ అంటే ఆ మనుషులే ఎక్కడికీ పోకుండా, వినేవాడి నడుము ఊగేదాకా వదలకపోవడం. మా ఆవిడ సునీత అభిప్రాయంలో రెండూ ఒకటే, స్టీలు సామాను మెట్ల మీద నుంచి దొర్లడం.

తొమ్మిదేళ్లుగా నేను వెతుకుతున్న ప్లేటు ఒకటుంది. బహ్రెయిన్‌లో ఒక హోటల్లో వాయించే బృందం అది. నలుగురు గోవా వాళ్లు, ఇద్దరు బొంబాయి వాళ్లు. హోటల్‌కి వచ్చినవాళ్లకు అమ్ముకోవడానికి ఒకే ఒక్క ప్లేటు తీశారు, అదీ కొన్ని వందలే. దాని పేరు చెప్పను. చెబితే రేపు పొద్దున్నే నాకంటే ముందు బండెక్కేవాళ్లు నాకు తెలుసు. మధ్యలో పచ్చ కాగితం, దాని మీద తెరిచిన ముత్యపు చిప్ప బొమ్మ. నేను చూసింది ఫోటోలోనే. పాట వినను కూడా లేదు. వినని పాట కోసం తొమ్మిదేళ్లేమిటని సునీత అడుగుతుంది. నేను ఆ ఫోటో ఇంకోసారి తీసి చూస్తాను.

ఒకరోజు ఎవరిదో పన్ను పీకుతుండగా బుర్రలో వెలిగింది. బహ్రెయిన్ నుంచి ఆ ప్లేటు ఇటువైపు వచ్చిందంటే, గల్ఫ్ కూలీ ఎవరిదో ట్రంకు పెట్టెలోనే వచ్చి ఉండాలి. అలాంటి పెట్టెలు ఎక్కువగా దిగిన ఊళ్లు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. వారం రోజులు క్లినిక్ మూసేసి, బ్యాటరీతో నడిచే సూట్‌కేస్ ప్లేయర్ ఒకటి పట్టుకుని బయల్దేరాను.

జగిత్యాల: అయిదు దుకాణాలు, ఒక దంతం

జగిత్యాలలో పాటల దుకాణాలు ఎక్కడని అడిగితే అయిదు చోట్ల చూపించారు. ఒకప్పుడు అవన్నీ క్యాసెట్లు నింపిచ్చే సెంటర్లే. ఇప్పుడు బోర్డు మీద 'మ్యూజికల్స్' అని ఉంటుంది, లోపల ఫోన్ల పౌచ్‌లు వేలాడుతుంటాయి. మొదటి దుకాణంలో ప్లేట్లున్నాయి గానీ వాటికి ముళ్లు తగిలించి గోడ గడియారాలు చేశారు, ఒక్కోటి నాలుగు వందల యాభై. రెండో దుకాణంలో ప్లేట్లు నీళ్ల కుండల మీద మూతలయ్యాయి. మూడోవాడు "పాటలెందుకన్నా, ఫోన్‌ల లేవా?" అని నన్నే జాలిగా చూశాడు. నాలుగోదానికి తాళం వేసి ఉంది.

ఆకలేసి మిర్చి బండి దగ్గర ఆగాను. ప్లేటు ముప్పై రూపాయలు. మా వైపు మిరపకాయ బజ్జీ చీల్చి, ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి, కాస్త సముదాయించి ఇస్తారు. ఇక్కడ సముదాయింపులు లేవు. పచ్చిమిరపకాయ ఎంత కారంతో పుట్టిందో అంత కారంతోనే నోట్లోకి వస్తుంది. నా కళ్లనీళ్లు చూసి బండివాడు "గోదారోళ్లా సార్?" అన్నాడు. నోరు విప్పకుండానే నా జిల్లా కనిపెట్టాడు.

అయిదో దుకాణం ఖాజా భాయ్‌ది. అరవై ఏళ్లుంటాయి, దవడకు చేతి రుమాలు కట్టుకుని కూర్చున్నాడు. నేను ప్లేట్ల సంగతి అడగకముందే నా వృత్తి నన్ను పట్టించింది. "ఎన్నాళ్లయింది వాపు?" అన్నాను. డాక్టర్నని తెలియగానే ఆయన ముందు రుమాలు విప్పి, ఆ తర్వాత నోరు తెరిచాడు. సెల్‌ఫోన్ వెలుతురులో చూస్తే కింది దవడ చివరి పన్ను పుచ్చి గుల్లయింది. మాత్రలు రాసిచ్చాను, పీకించుకోమని గట్టిగా చెప్పాను. ఆ తర్వాతే నా గొడవ విప్పాను.

"మాటల్లేని ప్లేట్లా? ఇంగ్లీషు బాజాలవి?" అని రుమాలు మడతపెట్టాడు. "గవి కోరుట్ల బహ్రెయిన్ మల్లన్న కాడ ఉంటుండె సార్. మల్లన్న లేడు ఇప్పుడు, పోయి శాన ఏండ్లయింది. గాయిన మైక్ సెట్ అంటే ఈ చుట్టుముట్టు పెండ్లిళ్లకు ఫేమస్. సినిమా పాట ఒక్కటి ఏస్తుండకపోయె."

"పెళ్లిలో సినిమా పాట వేయకపోతే ఊరుకుంటారా?"

"ఏస్తేనే లొల్లి సార్! పిల్లగానోళ్లు ఒక హీరో, పిల్లోళ్లు ఇంకో హీరో. నా ముంగటనే రెండు పెండ్లిళ్లల్ల కుర్చీలు లేసినయ్. మల్లన్న ప్లేట్లకు హీరో లేడు. ఎవడు కొట్లాడుతడు?"

ప్రపంచంలో జాజ్ గురించి ఎన్నో మాటలు విన్నాను గానీ, పెళ్లిలో కుర్చీలు లేవకుండా కాపాడుతుందని ఎవరూ చెప్పగా వినలేదు. ఆ సాయంత్రమే కోరుట్ల బస్సెక్కాను.

కోరుట్ల: ట్రంకు మూత మీద జాబితా

ఖాజా భాయ్ చెప్పిన మల్లన్న, అంటే మల్లయ్య, ఇప్పుడు లేడు గానీ ఆయన చిన్న కూతురు సరిత ఉంది. టెంట్ హౌస్, డీజే రెండూ ఆమే నడుపుతుంది. నలభై అయిదేళ్లుంటాయి. నేను వెళ్లేసరికి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఎవరినో కుర్చీలు తక్కువ వచ్చాయని దులుపుతూ, రెండో చేత్తో గంగాళాలు లెక్కపెడుతోంది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగినప్పుడు నేను కూడా రెండు కుర్చీలు బాకీ ఉన్నట్టు అనిపించింది.

సంగతి విని, "బాపు ప్లేట్లకు ఇంత దూరం అచ్చిండ్రా?" అంది. ఇక్కడ తండ్రిని బాపు, తల్లిని అవ్వ అంటారు. "మా బాపు తాళ్లెక్కే ఇంట్ల పుట్టిండు సార్, కల్లు గీసెటోళ్లం. బహ్రెయిన్ పోయి హోటల్ల ఊడ్సే పని జేసిండు. గా హోటలోళ్లు క్యాసెట్లు అచ్చినంక ప్లేట్లన్ని చెత్తల పారేస్తుంటే ఈయన పెట్టెల పెట్టుకున్నడు. అందరి మొగోళ్లు బంగారం తెస్తిరి. తన మొగడు నల్ల పళ్లేలు తెచ్చిండని మా అవ్వ మూడు రోజులు అన్నం తినలే."

లోపలి నుంచి ట్రంకు లాగింది. ఇరవై రెండు ప్లేట్లు, ఒక్కదానికీ అట్ట లేదు. మధ్యలో కాగితాల మీద ఎనామిల్ పెయింట్‌తో నంబర్లు. మల్లయ్యకు ఇంగ్లీషు రాదు, అందుకని ప్రతి ప్లేటుకూ పెళ్లిలో ఒక పని అప్పజెప్పాడు. ఆ జాబితా ట్రంకు మూత లోపల తెలుగులో రాసి ఉంది. ఒకటి, పందిరి. రెండు, ఎదుర్కోళ్లు. మూడు, తలంబ్రాలు. నాలుగు, బువ్వ. అయిదు, బరాత్. ఇలా మొత్తం పెళ్లి.

నేను నాలుగో నంబరు తీసి ప్లేయర్ మీద పెట్టాను. నాకు పరిచయమున్న ఫంక్ ముక్కే. హైదరాబాద్‌లో నా మిత్రులు కొందరు దీన్ని వెలుతురు తగ్గించి, కళ్లు మూసుకుని వింటారు. మధ్యలో ఎవరైనా దగ్గితే కోప్పడతారు. ఇక్కడ అది మొదలై నిమిషం కాకముందే రోడ్డు మీద పోతున్న ముసలాయన ఒకాయన సైకిల్ ఆపి లోపలికి తొంగిచూశాడు.

"ఎవలింట్లనే బిడ్డా పెండ్లి? బువ్వ పెడుతుండ్రా?"

"ఎవలిది కాదు పెద్దనాయినా, ఊకెనే ఏసినం."

"ఊకెనే ఏస్తరా? ఆకలైతది గదా!" అని ఆయన విసుక్కుంటూ వెళ్లిపోయాడు. దుకాణంలో పనిచేసే ఆడవాళ్లు కూడా చీపుర్లు గోడకు ఆనించి టిఫిన్ డబ్బాలు తీశారు. సరిత కూడా వాళ్లతో కూర్చుని నాకు ఒక స్టీలు పళ్లెం పెట్టింది. సర్వపిండి, పచ్చిపులుసు. సర్వపిండి అంటే బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి గిన్నెకే తట్టి కాల్చేది. మా ఊరి దిబ్బరొట్టె మెత్తగా ఉంటుంది, దీనికి మాత్రం పళ్లు కావాలి. వృత్తిరీత్యా ఆమోదించాను.

తింటూ జాబితా చూస్తున్నాను. ఏడో నంబరు ఎదురుగా 'ఒప్పగింతలు' అని ఉంది. మేము అప్పగింతలు అంటాం. ట్రంకులో ఆ ప్లేటు లేదు.

"గది మా పద్మక్క కాడుంది, సిరిసిల్లల," అంది సరిత. "గా ప్లేటు ఒక తాన ఆగుతది సార్. ఒక్కటే ముక్క మల్ల మల్ల అంటది. గప్పుడు మా బాపు చేత్తోని సూది లేపేటోడు. సూది లేసిందంటే పిల్ల బండెక్కాలె. గంతే. లగ్గం అయ్యగారు పెట్టినా, బండెక్కుడు మాత్రం మా బాపు సూదే. అక్కను తోలిచ్చిన్నాడు గట్లనే సూది లేపిండు, లేపి గా ప్లేటు అక్క పెట్టెల పెట్టిండు. ఇగ నాకు వద్దు, నా బిడ్డతోనే పోనియ్యి అన్నడు. నా పెండ్లికి ఎనిమిదో నంబర్ ఏసిండు. గది గిప్పటికీ నా మనసుల ఉంది."

నేను మామూలుగా అడిగినట్టు అడిగాను. "మధ్యలో కాగితం ఏ రంగు?"

"పచ్చది. ఏదో చిప్ప బొమ్మ ఉంటది."

సర్వపిండి ముక్క పళ్లెంలో పెట్టేశాను. నీళ్లు తాగి, మొహం మామూలుగా పెట్టుకున్నాను. నాలుగో నంబరు కొంటానన్నాను, రెండు వందలిస్తానన్నాను. సరిత ఫోన్ తీసి, ఆ ప్లేటు ఎక్కడో అమెరికాలో ఎంతకు అమ్ముతున్నారో నాకే చూపించింది. మూడు వేలకు తెగింది. బయల్దేరేటప్పుడు పద్మ ఇంటి అడ్రస్ రాసిస్తూ, "మా అక్క మెత్తటి మనిషి సార్. నేను కాదు. గది యాదిల పెట్టుకోండ్రి," అంది.

వేములవాడ దారిలో: పెట్టె మీద పెద్దమనిషి

సిరిసిల్లకు వేములవాడ మీదుగా వెళ్లాను. బస్సు నిండిపోయింది. నేను ఊరు చూసుకుంటూ కూర్చుంటే బోయినపల్లికి పోయే ఒక పెద్దాయన నా సూట్‌కేస్ ప్లేయర్ మీద నిశ్చింతగా కూర్చుని తువ్వాలతో విసురుకుంటున్నాడు. నేను కేక పెట్టాను. ఆయన లేవలేదు.

"ఏంగాదు పటేలా, గట్టిగనే ఉంది పెట్టె."

"పాటలు వచ్చే మిషన్ అండి అది!"

"గట్లనా? మరి నేను కూసుంటే పాడలేదేంది?" అని తీరిగ్గా లేచి, బదులుగా తన సంచిలోంచి గుప్పెడు ఉడకబెట్టిన బొబ్బర్ల గుడాలు నా చేతిలో పోశాడు. ఉప్పు, ఉల్లి, కారం సరిగ్గా పడ్డాయి. తింటూ ప్లేయర్ మూత తెరిచి చూశాను. ముల్లు విరగలేదు. ఆ మనిషి మీద కోపం గుడాలు అయిపోయేలోపే పోయింది.

సిరిసిల్ల: సాంచాలు ఆగిన గంట

పద్మ వాళ్ల వీధిలో అడుగుపెట్టగానే పళ్లలోంచి అదురు పుట్టింది. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. ప్రతి ఇంటి పక్కనా ఒక రేకుల షెడ్డు, షెడ్డులో నాలుగైదు సాంచాలు. పక్క మనిషితో కూడా పొలం గట్టు అవతలి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడుతారు. నేను చేతులతో, కనుబొమలతో నన్ను పరిచయం చేసుకున్నాను.

పద్మకు యాభై అయిదు దాటాయి. చెల్లెలు ఫోన్ చేసి చెప్పిందట. లోపలి గదిలోకి తీసుకెళ్లి, తలుపేసి, చాయ్ ఇచ్చి, చీరల అడుగున దుప్పటిలో చుట్టిన ప్లేటు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పచ్చ కాగితం. ముత్యపు చిప్ప. దాని మీద తెల్ల పెయింట్‌తో ఏడు. తొమ్మిదేళ్ల తర్వాత దాన్ని రెండు చేతులా అంచుల దగ్గర పట్టుకున్నాను.

"తీస్కపోండ్రి సార్," అంది పద్మ. "మిషిన్ లేదు, ఏం జేసుకోను? దాన్ని చూస్తే ఏడుపొక్కటే యాదికస్తది. అయిదు వందలియ్యిండ్రి సాలు."

ఇక్కడ నా గురించి నిజం చెప్పాలి. దాని ధర ఎన్ని వేలో నాకు తెలుసు. నోరు విప్పలేదు. సరిత మాట చెవిలో మోగుతూనే ఉంది, అయినా విప్పలేదు. అయిదు వందల నోటు తీసి పద్మ ముందు మంచం మీద పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఒక్కపారి ఇనిపిచ్చి తీస్కపోండ్రి. మా బాపు చేతిల సూది లేశిన్నాటి నుంచి మల్ల ఇనలే."

ఆ చప్పుడులో ఏం వినపడుతుంది? పద్మ షెడ్డు తలుపు దగ్గరికి పోయి భర్తను పిలిచింది. రాజేశం బక్కపలచని మనిషి, జుట్టంతా దూది పొడి. "ఏందే, సాంచాలు బంద్ పెట్టాల్నా? ఎందుకే?" అన్నాడు. పది నిమిషాలు సాంచాలు ఆగితే ఎంత బట్ట పోతుందో ఆయనకు తెలుసు. పద్మ, "నా ఒప్పగింతల ప్లేటు ఏస్తుండ్రు," అంది. ఆయన తన నాలుగూ ఆపి, గోడ అవతలి వాళ్లకు కూడా కేకేశాడు. ఏమైందోనని ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో కూర్చున్నారు.

ముల్లు ఆన్చాను. మొదట బేస్ గిటార్ ఒక్కటే, బరువుగా, తొందర లేకుండా. దాని మీద శాక్సోఫోన్ పొడుగ్గా మూలిగింది. పద్మ మొదటి మూలుగుకే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోదానికి బయటికే ఏడ్చింది. గడపలో ఉన్న ఆడవాళ్లలో ఒకామె వచ్చి ఆమె మెడ చుట్టూ చెయ్యేసి తానూ ఏడ్చింది. వాళ్లది కోరుట్ల వైపట, ఆమెనూ ఆ ప్లేటుతోనే పంపారట. రాజేశం గోడకేసి చూస్తూ నిలబడ్డాడు, ఆ పిల్లను తీసుకొచ్చిన నేరస్థుడు తనే గనక.

మూడో నిమిషంలో అది వచ్చింది. శాక్సోఫోన్ ఒక మెట్టెక్కబోయి వెనక్కి పడింది. మళ్లీ ఎక్కబోయింది, మళ్లీ పడింది. అదే ముక్క, అదే ముక్క. పద్మ లేచి నిలబడింది. ఎవరూ లెమ్మనలేదు. కళ్లు తుడుచుకుని, కొంగు సర్దుకుని, వాకిలి వైపు ఒక అడుగు వేసింది కూడా. ముప్పై అయిదేళ్ల తర్వాత కూడా ఆమె కాళ్లు బండెక్కడానికే కదిలాయి.

నేను ముల్లు లేపాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, అయిపోయిందన్నట్టు.

అక్కడితో ఊరుకుని, ప్లేటు సంచిలో పెట్టుకుని వచ్చేసి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. కానీ ప్లేటు ఒకచోట తడబడితే నా మనసు ఊరుకోదు. భూతద్దం పెట్టి చూశాను. గీత అనుకున్నది గీత కాదు. గాడిలో గట్టిపడిన పసుపు. ఏ పెళ్లిలో ఎవరి చేతినుంచి పడిందో, ఆవగింజలో సగం కూడా లేదు. పళ్ల మధ్య పుల్లలు పెట్టి గుచ్చుకోవద్దని నా పేషెంట్లను రోజూ తిడతాను, నా చొక్కా జేబులో మాత్రం చెక్క పుల్లలు ఎప్పుడూ ఉంటాయి. పుల్ల కొస గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పన్ను మీద గార తీసినట్టు మెల్లగా, ఒక్కో గాడీ వదిలిస్తూ వచ్చాను. నుదుటి చెమట ప్లేటు మీద పడకుండా రాజేశం తువ్వాల అడ్డం పట్టాడు. పావుగంట పట్టింది. సాంచాలు ఎవరూ మొదలుపెట్టలేదు.

మళ్లీ ముల్లు ఆన్చాను. శాక్సోఫోన్ ఆ మెట్టు దగ్గరికి వచ్చింది, ఎక్కింది.

ఎక్కిన క్షణంలో డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. మూలుగు పోయింది. ట్రంపెట్ లేచింది, దాని వెనక గిటార్ గిలిగింతలు పెట్టినట్టు పరుగెత్తింది. వాయించేవాళ్లలో ఎవరో ఆపుకోలేక పగలబడి నవ్వాడు, ఆ నవ్వు కూడా ప్లేటులో ఉండిపోయింది. బృందమంతా ఒకరినొకరు ఉసిగొల్పుకుంటూ గంతులేస్తున్నారు. నేను ఇన్నేళ్లలో కొన్న ప్లేట్లలో ఇంత సంతోషం ఎక్కడా వినలేదు.

పద్మ నోరు తెరుచుకుని చూస్తోంది. "ఇంకుందా?" అంది.

"ఇంకా సగం ఉందండి."

చివరిదాకా విన్నారు. అయిపోగానే గడపలో ఆడవాళ్లు మళ్లీ వేయమన్నారు. రెండోసారి ఆ మెట్టు దాటేసరికి మెడ పట్టుకుని ఏడ్చిన ఆమే చప్పట్లు మొదలుపెట్టింది. రాజేశం దూది జుట్టుతో తల ఊపుతున్నాడు. నేను పెట్టిన నోటు మంచం మీదే ఉంది. దాన్ని పద్మ వైపు జరిపాను. ఆమె నా వైపు జరిపింది.

"నేను గిది అమ్మ సార్."

"ఇందాక ఇస్తానన్నారు కదమ్మా?"

"ఇస్తనన్నది ఏడ్సే ప్లేటు. గీ ప్లేటు నేను గిప్పుడే ఇన్న. గిది ఎట్ల అమ్ముత?"

అప్పుడు చెప్పాను దాని అసలు ధర. సిగ్గుతోనే చెప్పాను, కాస్త ఆశతో కూడా. ఆమె ఎంతోసేపు ఆలోచించలేదు, తల అడ్డంగా ఊపింది. నా పుల్లతో నేనే తవ్వి తీసి ఆమెకిచ్చాను, ఎవరిని అనాలి?

పద్మ చెల్లెలికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. మూడోసారి వేయమని నాకు సైగ చేసింది. అటువైపు కోరుట్లలో గంగాళాల చప్పుడు ఆగిపోయింది. ఆ మెట్టు వచ్చింది, దాటింది. సరిత పాట సగంలో ఉండగా అడిగింది.

"అక్కా, గిది బాపుకు ఎరుకేనా?"

"ఎరుకలేకుండ ఎట్లుంటదే? బహ్రెయిన్ల రోజు ఊడ్సుకుంట మొత్తం ఇన్నోడే గద," అంది పద్మ. "గందుకే ఒప్పగింతలకు పెట్టిండు."

ఫోన్లో సరిత ముక్కు చీదడం వినిపించింది. నేను అయిదు వందల నోటు జేబులో పెట్టుకుని, ప్లేయర్ ఛార్జర్ తీసి మంచం మీద పెట్టి, ముల్లు ఎలా ఆన్చాలో రాజేశానికి నేర్పించాను.